రెండో అంకె

పోలింగ్ గదిలో వాళ్ళిచ్చే స్కెచ్ పెన్ను వంకాయ రంగులో రాస్తుంది. మన పెన్నుతో రాస్తే ఓటు చెల్లదు. టిక్కు పెట్టినా, సంతకం చేసినా చెల్లదు. అంకె రాయాలి. ఎవరు ముందు కావాలో వాళ్ళ పేరు ఎదురుగా 1, వాళ్ళు కాకపోతే ఎవరో వాళ్ళకి 2, ఆ తర్వాత 3, అలా ఓపిక ఉన్నంత దూరం. 2023 మార్చి 13, సోమవారం పొద్దున, పెద్దదోర్నాలలో నేను 1 వేసేసి ఆ పెన్ను పట్టుకుని అట్లానే నిలబడిపోయాను. వెనక వరసలోంచి ఎవరో సారు "ఏందమ్మా, డీఎస్సీ రాస్తుండావా లోపల?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ చెయ్యి కదల్లేదు.

అది శాసనమండలి ఎన్నిక. తూర్పు రాయలసీమ పట్టభద్రుల నియోజకవర్గం. మమ్మల్ని రాయలసీమ అనేది ఈ ఒక్క ఎన్నికలోనే. అప్పట్లో మిగతా రోజుల్లో మేము ప్రకాశం జిల్లా, ఒంగోలు వాళ్ళ లెక్కలో పడమటోళ్ళం. మా జేజినాయన మాత్రం పోయేదాకా మాది కర్నూలు జిల్లా అనే చెప్పుకున్నాడు. 1970లో ప్రకాశం జిల్లాని చేసినప్పుడు మార్కాపురం, గిద్దలూరు వైపుని కర్నూలు నుంచి విడదీసి ఇందులో కలిపారు. యాభై ఏళ్ళయినా ఆయనకి అది అతుకుబట్టలాగే ఉండేది. ఈ ఎన్నికకి పాత ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు జిల్లాలు మూడూ కలిపి ఒకటే సీటు. అంటే 36 అసెంబ్లీ నియోజకవర్గాల డిగ్రీ వాళ్ళందరికీ ఒకే మనిషి. శ్రీశైలం ఘాట్ మొదట్లో ఉన్న మాకూ, తమిళనాడు కర్ణాటక మూలన ఉన్న కుప్పం వాళ్ళకూ కలిపి.

ఆ సభ ఉంటుందో ఊడుతుందో కూడా కొన్నాళ్ళు తెలీలేదు. 1985లో ఎన్టీఆర్ తీసేయించాడు. 2007లో వైఎస్ హయాంలో తిరిగొచ్చింది. మూడు రాజధానుల బిల్లుని సెలెక్ట్ కమిటీకి పంపిందన్న కోపంతో 2020 జనవరిలో జగన్ ప్రభుత్వం రద్దు తీర్మానం చేసి, 2021 నవంబర్‌లో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. మొత్తం 58 మందిలో పట్టభద్రులు ఎన్నుకునేది 5గురిని. అటువంటి సభలో అటువంటి ఒక సీటుకి నేనంత సేపు ఆలోచించడం మా నాయనకి ఇప్పటికీ విడ్డూరమే.

నాయనది మొదట్నుంచీ ఒకటే మాట. "నీ డిగ్రీ ఎట్టా వచ్చిందో మర్చిపోవాకు పాపా." నిజమే. నేను బీఎస్సీ చదివింది ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో. నేను చదివిన రోజుల్లో ఆ డబ్బు కట్టింది వేరే ప్రభుత్వమే అయినా, మా ఇంట్లో ఆ పథకం పేరు ఎప్పుడూ వైఎస్సే. రెండెకరాల మిర్చి, పడని వాన, ఎండిన బోరు. ఆ లెక్కలోంచి నా కాలేజీ ఫీజు ఎప్పటికీ వచ్చేది కాదు. డిగ్రీ లేకపోతే నాకీ ఓటే లేదు. కాబట్టి ఆ ఓటు ఎవరిదో మా నాయనకి అనుమానం లేదు. ఫ్యాన్ గుర్తు పార్టీ నిలబెట్టిన పేర్నాటి శ్యాంప్రసాద్ రెడ్డి ఎవరో ఆయనకి తెలీదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. నాకూ పేపర్లో ఫొటో చూసేదాకా తెలీదు. ఆ మాటకొస్తే టీడీపీ అభ్యర్థి కంచర్ల శ్రీకాంత్ పేరు కూడా నేను పేపర్లో చూసే నేర్చుకున్నాను. ఎవరు నిలబడాలో మమ్మల్నెవరూ అడగలేదు. టికెట్టు పైనెక్కడో తేలుతుంది, మాకు కరపత్రం వస్తుంది.

ఈ ఓటుకి ఇంకో తిరకాసుంది. మామూలు ఓటర్ల జాబితాలా ఇది ఉండిపోదు. ప్రతి ఎన్నికకీ జాబితా కొత్తగా తయారుచేస్తారు. ఆ ఏడాది నవంబర్ 1 నాటికి డిగ్రీ పూర్తయ్యి మూడేళ్ళు గడిచినవాళ్ళు ఫారం 18 నింపి, సర్టిఫికెట్ జతచేసి ఇవ్వాలి. నాకు ఆ సంగతే తెలీదు. మా వీధి వాలంటీరు అక్క వచ్చి, మా అమ్మ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని, తనే జిరాక్స్ తీయించి, తనే నింపి, సంతకం ఒక్కటి నాచేత పెట్టించింది. "ఎవరికెయ్యాలో నేను చెప్పన్లేమ్మా, నీకు తెలీందేముంది" అని నవ్వింది. ఆ నవ్వులోనే చెప్పాల్సిందంతా చెప్పేసింది. నెలకి అయిదువేల గౌరవవేతనం మీద ఆ అక్క ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. జగన్ ఓడితే ఆ పని ఉంటుందో లేదో. ఫారం నింపిన చేతికి ఎదురు తిరిగినట్టు నాకు ముందే ఒక నేరభావన మొదలైంది.

మరి అటు వెయ్యడానికి అడ్డమేంటి? నేను బీఈడీ చేసి ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. కరోనా వచ్చి బడి మూతపడ్డ నెలల్లో జీతం లేదు. తెరిచాక సగం. పాత బకాయి అడిగితే "అందరికీ అంతేనమ్మా" అన్నారు. 2018 తర్వాత చెప్పుకోదగ్గ డీఎస్సీ పడలేదు. మెగా డీఎస్సీ అన్న మాట మాత్రం ప్రతి ఏడూ వినపడేది, మా వెలిగొండ నీళ్ళ మాట లాగే. కోచింగ్ పుస్తకాల్లో సిలబస్ మారడం, నా వయసు పెరగడం, రెండూ జరుగుతూ పోయాయి. ఆ రోజుల్లో మార్కాపురంలో మాలాంటి టీచర్లు పాతిక ముప్పై మంది ఒక షామియానా కింద కూచున్నాం. రెండ్రోజులు. మా దగ్గరికొచ్చి, మా బాధ విని, కాగితం మీద పెట్టి అధికారులకిచ్చింది ఒక ఉపాధ్యాయ సంఘం సార్లు. జీతం ఏమీ రాలేదు. కానీ ఒక పెద్దాయన తన ఫ్లాస్కులోంచి అందరికీ టీ పోశాడు. ఆ సంఘాలూ ఆ సార్లూ నిలబడే జెండా పీడీఎఫ్. ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్. మా సీటు అప్పటిదాకా వాళ్ళదే. 2017లో గెలిచిన యండపల్లి శ్రీనివాసులురెడ్డి వాళ్ళ మనిషి. 2023లో వాళ్ళు మీగడ వెంకటేశ్వరరెడ్డిని నిలబెట్టారు.

ఆ టీ చాలు, 1 ఆయనకే అనుకున్నాను. ఇదేమంత గొప్ప రాజకీయ విశ్లేషణ కాదని తెలుసు. మా నాయన ఫీజు లెక్క కంటే నా టీ లెక్క ఏ విధంగా మెరుగో ఇప్పుడు అడిగితే చెప్పలేను కూడా.

చిక్కు 2తోనే.

అప్పట్లో టెక్సస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. అన్నకి అక్కడి పౌరసత్వం వచ్చాక మొదటి ఓటు 2020 మార్చి 3న. అది అసలు ఎన్నిక కూడా కాదు, ప్రైమరీ. అంటే సెనేట్ సీటుకి తమ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ముందు ఆ పార్టీ వైపు జనమే ఓటేసి తేలుస్తారు. పోలింగ్ దగ్గర "ఏ పార్టీ బ్యాలెట్ కావాలి" అని అడుగుతారట. డెమొక్రాట్ల బ్యాలెట్ తీసుకున్నాడు. అందులో డజను పేర్లు. నవంబర్‌లో రిపబ్లికన్ సెనేటర్ జాన్ కార్నిన్ మీద పోటీ చెయ్యడానికి అంతమంది. అన్నకి నచ్చింది క్రిస్టీనా సిన్సూన్ రమీరెజ్ అనే ఆమె. కూలీల హక్కుల కోసం పనిచేసింది, వయసులో చిన్నది. కానీ ఆమె మూడో స్థానంలో ఆగిపోయింది. ఎవరికీ సగం రాలేదు కాబట్టి పై ఇద్దరికీ మళ్ళీ పోటీ. మే నెలలో జరగాల్సింది కరోనా వల్ల జూలై 14కి పోయింది. ఒకరు ఎం.జె. హేగర్, అఫ్గానిస్తాన్‌లో హెలికాప్టర్ నడిపిన మాజీ సైనికురాలు. రెండోవారు రాయిస్ వెస్ట్, డాలస్ నుంచి ఏళ్ళ తరబడి రాష్ట్ర సెనేట్‌లో ఉన్న నల్లజాతి నాయకుడు. ఊళ్ళో మంచికీ చెడ్డకీ నిలబడ్డది వెస్ట్. కార్నిన్ని కొట్టగలదని అందరూ చెప్పింది హేగర్. అన్న హేగర్‌కి వేశాడు. ఆమె ప్రైమరీ గెలిచింది.

"మార్చిలో మనసుకేశా, జూలైలో లెక్కకేశా. నవంబర్లో రెండూ పొయ్యాయి పాపా," అన్నాడు. హేగర్ కార్నిన్ చేతిలో ఓడిపోయింది.

మన దగ్గర ఈ ప్రైమరీ అన్నదే లేదు. 2014 లోక్‌సభ ఎన్నికలప్పుడు కాంగ్రెస్ వాళ్ళు కొన్ని స్థానాల్లో ప్రయోగం లాంటిది చేసి వదిలేశారు. అన్నతో అదే అన్నాను. మాకు మనసుకి వేసే రోజు ఒకటి, లెక్కకి వేసే రోజు ఒకటి ఉండవు కదా అని. ఆయన కాసేపు ఆగి "నీ బ్యాలెట్ ఎట్టా లెక్కపెడతారో చెప్పు మళ్ళీ" అన్నాడు. చెప్పాను. చెల్లిన ఓట్లలో సగం దాటి ఒక్కటి ఎక్కువ వస్తే గెలుపు. మొదటి లెక్కలో ఎవరికీ రాకపోతే అందరికంటే తక్కువ వచ్చినవాళ్ళని తీసేస్తారు. వాళ్ళ కట్టలోని కాగితాలు విప్పి, ఒక్కొక్క దాని మీద 2 ఎవరికుందో చూసి వాళ్ళ కట్టలో పెడతారు. తర్వాత ఇంకొకరు. అట్లా చివరికి సగం దాటేదాకా.

"మరి అదే కదే," అన్నాడు. "నేను మార్చిలో ఒకసారి, జూలైలో ఒకసారి మాస్కు పెట్టుకుని పొయ్యి నిలబడ్డా. నీకు ఒకే కాగితం మీద అయిపోతుంది."

ఆ మాట విన్నాకే మా ఎన్నిక నాకు అర్థమైంది. ప్రభుత్వం మీద కోపం ఉన్నవాళ్ళ ఓట్లు ప్రధానంగా రెండు పేర్లకి పోతాయి, టీడీపీకీ పీడీఎఫ్‌కీ. ఆ ఇద్దరిలో ఎవరికి ఎక్కువ 1లు వస్తే వాళ్ళు చివరి పోటీలో మిగులుతారు. తక్కువ వచ్చినవాళ్ళ కాగితాలు 2ని బట్టి కదులుతాయి. అంటే ఎవరూ పిలవకుండా, ఎవరూ పేరు పెట్టకుండా మా బ్యాలెట్ లోపల ఒక ప్రైమరీ జరుగుతోంది. పోలింగ్ దగ్గరపడ్డాక ఆ రెండు పక్షాలూ ఒప్పందానికి వచ్చి, మీ 1 మాకు వేసుకోండి, 2 వాళ్ళకి వెయ్యండి అని ఎవరికి వాళ్ళు చెప్పుకున్నారు. పేపర్లు దాన్ని పొత్తు అని రాశాయి.

బడి స్టాఫ్‌రూమ్‌లో దీని మీద పెద్ద గొడవ. లెక్కలు చెప్పే సారే "రెండు రాస్తే ఒకటికి బలం తగ్గుద్ది" అని వాదించాడు. తగ్గదు. మీ 1 పోటీలో ఉన్నంతవరకు మీ 2ని ఎవరూ చూడరు. ఆ 1 ఓడి బయటికి వచ్చాకే 2 కళ్ళు తెరుస్తుంది. నల్లబల్ల మీద గీసి చూపించాను. ఆయన ఒప్పుకోలేదు. లెక్కల సార్లు ఓడిపోవడానికి ఇష్టపడరు. తెలుగు మేడం మాత్రం ఒక మంచి విషయం పట్టుకొచ్చింది: అంకెలు మామూలు 1, 2లే రాయక్కర్లేదట, రోమన్ అంకెలైనా తెలుగు అంకెలైనా చెల్లుతాయట. ఆమె ౧, ౨ అని వేస్తానంది. వేసిందో లేదో తెలీదు. లెక్కపెట్టేవాళ్ళకి ౨ చదవడం వచ్చి ఉండాలి మరి.

పోలింగ్‌కి రెండ్రోజుల ముందు మా ఇంటికి ఒక కవరు వచ్చింది. ఏ పార్టీదో రాయను. అమ్మ తీసుకుంది, "వద్దంటే ఊళ్ళో మనమొక్కళ్ళమే ఎక్కువోళ్ళమా" అని. అందులో ఉన్నది గ్యాస్‌బండకి పోయింది. ఈ వ్యాసంలో నేను నీతిమంతురాలిలాగా కనిపిస్తున్నచోట ఆ గ్యాస్‌బండని గుర్తు పెట్టుకోండి.

సరే, 2 ఎందుకు వెయ్యలేకపోయాను? లెక్క ప్రకారం చాలా తేలిక. నా 1 గెలవడం కష్టమని నాకే తెలుసు. గెలవగలిగినది టీడీపీ. 2 అటు వేస్తే ఒక పైసా ఖర్చు లేదు, 1కి నష్టం లేదు. కానీ మా వైపు మనుషులకి ఏ పార్టీ పేరు చెప్పినా ముందు గుర్తొచ్చేది వెలిగొండ. మా మండలం కొత్తూరు దగ్గర నల్లమల కొండకి పెట్టిన సొరంగాలు, ఒక్కోటి పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు. శ్రీశైలం వెనక నీళ్ళు కొల్లంవాగు దగ్గర పట్టి ఇటు వదలాలి. ఆ ప్రాజెక్టుకి పేరు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్యది. 1996లో శంకుస్థాపన చంద్రబాబుది. పనులు ఊపందుకున్నది వైఎస్ కాలంలో. బ్యాలెట్ మీద ఉన్న మూడు వైపులకీ మా నీళ్ళలో వాటా ఉంది. రానిది నీళ్ళే. శంకుస్థాపన నాటికి నేను పుట్టలేదు. నాకు ఓటొచ్చి, డిగ్రీ వచ్చి, డిగ్రీ ఓటు కూడా వచ్చింది. ఫిబ్రవరి దాటితే మా వీధికి ఇప్పటికీ ట్యాంకరే.

1 వేసేటప్పుడు ఇదేమీ అడ్డు రాలేదు. 1 ఇష్టం. ఇష్టపడ్డవాళ్ళు ఓడినా మనం తప్పు చేసినట్టు కాదు. 2 అట్లా కాదు. ఇంతకంటే వీళ్ళు నయం అని ఒప్పుకోవడం అది. రేపు వాళ్ళు గెలిచి ఏం చేసినా అందులో నా వంకాయ రంగు ఒక చుక్క ఉంటుంది. ఖాళీగా వదిలేస్తే ఏ గొడవా లేదు. నా చేతులు శుభ్రం, నాయనకి సగం అబద్ధంతో సరిపెట్టొచ్చు, వాలంటీరు అక్క ముందు తలెత్తుకోవచ్చు. వదిలేసిన కాగితాన్ని, దాని 1 ఓడాక, ఇక కదలనివాటిలో పక్కన పెట్టేస్తారు. శుభ్రంగా, మడతలు పడకుండా, ఎందుకూ పనికిరాకుండా. వరసలో సారు డీఎస్సీ మాట అనకపోతే వదిలేసేదాన్నేమో. ఆయన నవ్వించడానికి అన్నాడు. నాకు మాత్రం నా వయసూ, నా పుస్తకాల బ్యాగూ, సగం జీతమూ వరసగా గుర్తొచ్చాయి. 2 వేశాను. సున్నా చుట్టినంత వంకరగా వచ్చింది. 3 ఎవరికీ వెయ్యలేదు. ఓపిక లేదు.

ఇంటికొస్తే నాయన మంచం మీద కూచుని మిర్చి తొడిమలు తీస్తున్నాడు. "వేశావా?" అన్నాడు. వేశానన్నాను. "ఎవురికని అడగన్లే" అన్నాడు. అడగలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మతో మాత్రం "దానికి నేను చదువు చెప్పించింది నా మాట వినడానికి కాదులే" అన్నాడట. అమ్మ అది నాకు నెల తర్వాత చెప్పింది. పొగడ్తో తిట్టో ఇద్దరికీ తేలలేదు.

లెక్కింపు చిత్తూరులో, మార్చి 16న మొదలైంది. ఈవీఎం లెక్కింపు లాగా ఎనిమిదింటికి మొదలై పన్నెండింటికి తేలేది కాదు. కాగితాలు కట్టలు కట్టాలి, చెల్లనివి ఏరాలి, ఒక్కొక్కరినీ తీసేస్తూ మళ్ళీ పంచాలి. రాత్రంతా ఫోన్ చూస్తూనే ఉన్నాను. మొదటి ప్రాధాన్యంలో శ్రీకాంత్ ముందున్నాడు, సగం దాటలేదు. మర్నాడు రెండో ప్రాధాన్య ఓట్లు కలిశాక గెలిచాడు. ఉత్తరాంధ్ర, పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల సీట్లు కూడా టీడీపీకే పోయాయి. అందరూ జగన్‌కి ఎదురుగాలి గురించి మాట్లాడుతున్నారు. నేను ఒక్క కాగితం గురించి ఆలోచిస్తున్నాను. పీడీఎఫ్ కట్టలోంచి ఎవరో ఉద్యోగి దాన్ని తీసి, 2 వంకర చూసి ఒక క్షణం ఆగి, టీడీపీ కట్టలో పెట్టి ఉంటాడు. చిత్తూరులో, ఏ అర్ధరాత్రో. నేనెప్పుడూ చిత్తూరు చూడలేదు.

అన్నకి మెసేజ్ పెట్టాను: నా 1 ఓడింది, నా 2 గెలిచింది. ఆయన ఒక హెలికాప్టర్ బొమ్మ పంపించాడు.

తర్వాత జరిగినవి మీకు తెలిసినవే. 2024 మార్చి 6న మా మండలంలోనే జగన్ వెలిగొండ జంట సొరంగాలను ప్రారంభించాడు. నాయన చూసొచ్చాడు. "సొరంగం మాత్రం చల్లగా ఉందే" అన్నాడు. జూన్‌లో ప్రభుత్వం మారింది. 2025 ఏప్రిల్‌లో మెగా డీఎస్సీ పడింది, 16,347 పోస్టులు. రాశాను. నాకు రాలేదు. నాతో షామియానా కింద కూచున్న ఒకమ్మాయికి వచ్చింది, అద్దంకి వైపు చేరింది. వెలిగొండ కాలవల్లో ఇది రాసే నాటికి నీళ్ళు లేవు. 2కి నేను బాధ్యురాలినా అంటే, డీఎస్సీ పడ్డందుకు అవునని, నీళ్ళు రానందుకు కాదని చెప్పుకుంటే సుఖంగా ఉంటుంది. అంత సుఖంగా ఉండనివ్వదు ఆ వంకర అంకె.

వాలంటీర్లు ఇప్పుడు లేరు. మా వీధి అక్క బస్టాండు దగ్గర జిరాక్స్ మిషన్ పెట్టుకుంది. శ్రీశైలం పోయేవాళ్ళు ఆధార్ కాపీల కోసం ఆగుతుంటారు, ఉగాదికి కన్నడం వాళ్ళ బండ్లొచ్చినప్పుడు బాగా గిరాకీ. మొన్న బీఈడీ సర్టిఫికెట్ కాపీలకి వెళితే తనే అంది, 2029లో ఈ సీటు మళ్ళీ ఖాళీ అవుద్దంట కదా, పాత జాబితా పనికిరాదంట కదా అని. ఫారం 18 ఈసారి నేనే నింపుకుంటాను అన్నాను.

"నింపుకో," అంది కాయితం మిషన్‌లో పెడుతూ. "కాపీకి రెండ్రూపాయలు."